దించిన ముసుగు

రేపు పెళ్ళి మాటలు. కుర్రాణ్ణి ఇవాళే పరీక్షించేద్దామని తెహిత్ ఒక రోజు ముందే సహారా ఎడారిలోని జానెత్ ఊరికి వచ్చేసింది. ఆ ఊళ్ళో నర్సుగా ఉన్న కూతురు రైషాకు కూడా చెప్పలేదు. తస్సీలి పార్కు చూడటానికొచ్చిన టీచరమ్మనని చెప్పి, గైడుగా ఆ కుర్రాడు బిస్కానే కావాలని పట్టుబట్టింది.

చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగింది. వెనకే వస్తున్న బిస్కా ఆమె అడుగుల్ని ఒక్క క్షణం చూశాడు. నవ్వుకున్నాడు. అక్కడి మగవాళ్ళందరిలా కళ్ళదాకా చుట్టుకున్న నీలి ముసుగును గడ్డం కిందికి లాగేశాడు.

ఒక మార్కు పోయింది, అనుకుంది తెహిత్.

“ఆడవాళ్ళ ముందు ఇదేం పద్ధతయ్యా?”

“మీరు పరాయివాళ్ళు కదమ్మా! రేపు కాబోయే అత్తగారొస్తున్నారు. ఇక జన్మంతా ఆవిడ ముందు ముసుగు దించకూడదు, ముద్ద మింగకూడదు, నోరు విప్పకూడదు. అందుకని ఇవాళే అన్నీ కానిచ్చేస్తున్నా.”

“ఆవిడెలాంటిదట?”

“పులి అని విన్నా.”

తెహిత్‌కు పొలమారింది.

గాలి చెక్కిన ఎర్రరాతి స్తంభాల మధ్య సందులు సందులుగా నడిచారు. ఒకచోట మెలితిరిగిన ముసలి సైప్రస్ చెట్టు.

“రెండు వేల ఏళ్ళదమ్మా. ఎండకీ లొంగదు, గాలికీ లొంగదు. అచ్చం మా అత్తగారే.”

గుహలో గోడ మీద, ఏనాటివో ఆవుల బొమ్మలు. రంగు తేలుతుందని తెహిత్ నీళ్ళసీసా ఎత్తింది. అదీ పరీక్షే. బిస్కా చటుక్కున సీసా లాగేసుకున్నాడు.

“తడిపితే రంగు పోతుంది. మీరు మా అత్తగారైనా సరే, చల్లనివ్వను.”

పోయిన మార్కు తిరిగొచ్చింది.

మధ్యాహ్నం నిప్పుల కింద ఇసుకలో రొట్టె కాల్చాడు. ఆమె ఎదుటే నోరారా తిన్నాడు. మూడో గ్లాసు టీ పోస్తూ గొంతు తగ్గించాడు.

“రైషా ఉద్యోగం మానక్కర్లేదమ్మా. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులట. మెట్లు లేని గది ఒకటి కట్టించాను. వచ్చి ఉండమని అడగాలి. ఆవిడ ముందు నోరు విప్పకుండా ఎలా అడగను?”

తెహిత్ చేయి తన మోకాలి మీదికి పోయింది.

సాయంత్రం జీపు దగ్గర బిస్కా ముసుగును కళ్ళదాకా లాక్కున్నాడు. తల వంచుకుని, ఆమెకేసి చూడకుండా తలుపు తీశాడు.

“రైషా పాదమూ మీ పాదమూ ఒక్కలాగే పడతాయని పొద్దున ఇసుకే చెప్పేసింది, ఆ గది తాళం మీ సంచిలో వేశాను, అత్తయ్యా.”