నల్లపొగ బండి

తొంభై ఎనిమిది శీతాకాలంలో మదనపల్లెలోని ఆ వీధివాళ్లకు అలారం గడియారాల అవసరం లేకపోయింది. తెల్లవారగానే గోపాలస్వామి డీజిల్ అంబాసిడర్ మూలగడం మొదలుపెట్టేది. నలుగురు తోస్తే గానీ అందుకునేది కాదు. అందుకున్నాక వీధంతా నల్లపొగ.

తోసినవాళ్లు ఆ పొగలో దగ్గుతూనే పగలబడి నవ్వేవాళ్లు. గోపాలస్వామి కూడా నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి!

భార్య శాంతకుమారికి మాత్రం నవ్వు రాలేదు. ఎల్లుండి కుప్పంలో ఆమె తమ్ముడి గృహప్రవేశం.

“ఇంగెవరి కారైనా నిలిచిపోతే సరే, మన కారే నిలిచిపోతే మావాళ్ల ముందర తలెత్తుకునేదెట్ల? ఈసారి కూడా బస్సే అంటే నేను గడప దాటను,” అంది.

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడే ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా పుంగనూరు దారి పట్టాడు.

అక్కడ ఈశ్వరప్ప అనే మెకానిక్ బానెట్ ఎత్తాడు. గోపాలస్వామి చేతులు వెనక్కి కట్టుకుని పెద్దమనిషిలా నిలబడ్డాడు.

“ఇంతకుముందు యాడ సూపించినావప్పా?”

“మదనపల్లెలోనే, ఒకే మెకానిక్కుకు. హీటర్ ప్లగ్గులన్నాడు, మార్చినాడు. నాజిల్సన్నాడు, మార్చినాడు. ఇప్పుడు ఇంజనే దించల్లంటాండాడు.”

ఈశ్వరప్ప ఇంజనుకు గాలి పోయే పైపు ఊడదీసి, వేళ్లు పెట్టి లాగాడు. మసిపట్టిన బనియన్ గుడ్డ బయటికొచ్చింది. పని చేసేటప్పుడు దుమ్ము పడకుండా కుక్కి, తీయడం మరిచిపోయిన గుడ్డ. గాలాడకపోతే ఇంజను పొగ కక్కక ఏం చేస్తుంది?

“ఎవుడప్పా ఆ మేధావి? వానికి స్పానరు కాదు, గరిటె ఇయ్యల్ల!”

“గరిటిచ్చినా సాంబార్లో గుడ్డ మరిసిపోతాడు,” అన్నాడు గోపాలస్వామి. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు. “దద్దమ్మ! మళ్లీ ఇరవై ఏండ్ల అనుభవమని గొప్పలొకటి!”

“ఇంగ వాని పక్కకే పోవద్దు.”

“పోకుంటే జరగదప్పా,” అని నిట్టూర్చాడు.

కాసేపు చల్లారనిచ్చి తాళంచెవి తిప్పితే బండి ఒక్కసారికే అందుకుంది. పొగ లేదు. కుప్పం ప్రయాణం ఖాయం. గోపాలస్వామికి ప్రాణం లేచొచ్చింది.

మదనపల్లె చేరాక ఇంటికి పోలేదు. నేరుగా ఆ మెకానిక్ షెడ్డు ముందే కారు ఆపాడు.

దిగి, జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి షట్టరెత్తి, తెల్లచొక్కా విప్పి, మేకుకు వేలాడుతున్న తన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు.