నల్లబడని ముక్క

"ముక్క నల్లబడితే గాజులు పగలాల్సిందే," అంది ఎర్రమ్మ. "మా పుట్టింటోల్ల ఆచారం, మేట్టారు బావూ. మీరు అడ్డు రాకండి."

అరవై ఎనిమిదో సంవత్సరపు ఎండాకాలం. బారువ నుంచి కొబ్బరికాయల పడవ మీద వెళ్ళిన ఆమె కొడుకు కూర్మారావు గాలివాన తరువాత తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇక తేల్చవలసింది జీడిపండే. దాన్ని కోసి, మనిషి పేరు చెప్పి, దేవుడి గూట్లో ఉంచుతారు. తెల్లవారేసరికి నల్లబడితే ఆ మనిషి లేనట్టే.

కోడలు దాలమ్మ గాజులు చప్పుడు కాకుండా చేతులు ముడుచుకుని గుమ్మం వెనుక నిలబడింది.

సైన్సు మేష్టారు యజ్ఞనారాయణ సంచిలోంచి నిమ్మకాయ తీశాడు. ఒక జీడిపండును రెండు ముక్కలు చేసి, ఒకదానికి మాత్రం రసం పూశాడు. మాటల్లో ఉండగానే రెండోది కమిలింది.

"చూశావా ఎర్రమ్మా? కత్తి పడితే పండులోని కణాలు చితుకుతాయి. గాలిలోని ప్రాణవాయువు సోకి చచ్చి నల్లబడతాయి. బతికున్నవాడి పేరు చెప్పినా అంతే. నిమ్మపులుపు ఆ చావును కాస్త వాయిదా వేస్తుంది."

"పేనం పోసీ గాలే పేనం తీత్తాదేటి బావూ?"

"తీస్తుంది. మోతాదు మించితే మనలోని కణాలకైనా అదే గతి."

"సాల్లెండి! సంద్రానికి లేని సదువు మాకెందుకు?" మిగిలిన నిమ్మచెక్కను ఎర్రమ్మ చీపురుతో మూలకు తోసేసింది.

మర్నాడు ఆయన వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. గూట్లో ముక్క కోసినప్పటి రంగులోనే మెరుస్తోంది.

"నా కొడుకున్నాడు! కోడలి గాజుల జోలికొత్తే సెయ్యిరిసేత్తాను!" ఎర్రమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

యజ్ఞనారాయణ లోలోపల నవ్వుకుని దాలమ్మను పక్కకు పిలిచాడు. "రసం బాగానే పూశావు తల్లీ."

ఆమె తెల్లబోయింది. "నానా? రాత్రల్లా నన్ను పక్కింటి ఎల్లాజీ మావ ఇంట్లో ఉంచేసినారు బావూ. గూడు కాడికే రానీలేదు." గొంతు తగ్గించింది. "అయితే... ఆయన నిజంగా ఉన్నాడేమో, కదా బావూ?"

ఆయన గూటి వైపు తిరిగాడు. జీడితోటల అవతల సముద్రం హోరు ఒక్కసారిగా దగ్గరైనట్టనిపించింది. పండుకు మనిషి సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంతలో ఎర్రమ్మ బెల్లంముక్క పట్టుకుని వచ్చింది. "ఇప్పుడేటంతారు మేట్టారూ, మీ సైన్సు?"

ఆమె ఆయన కళ్ళలోకి మాత్రం చూడలేదు. బెల్లాన్ని అరచేతిలో పెట్టి, ఆయన గుప్పిట మూసింది.

ఆమె వేళ్ళు నిమ్మవాసన వేశాయి.