పదకొండు పేర్లు

“ఆ పిన్ను నా ఒంటికి తగిలిందంటే ఊరుకోను,” అంది మేవిస్.

పతకం గుచ్చబోయిన కౌన్సిలర్ పికరింగ్ చెయ్యి ఆగిపోయింది. జనం నవ్వారు. యుద్ధకాలంలో ఈ యార్క్‌షైర్ ఊరి ఆడవాళ్ళు ఫిరంగి గుండ్లలో మందు కూరేవారు. ఉంగరం, తలపిన్ను, ఏదైనా సరే, ఫ్యాక్టరీ గేటు దగ్గరే తీసేయాలి. తొంభై రెండేళ్ళ ముసలమ్మకు ఆ అలవాటు ఇంకా పోలేదనుకున్నారు.

“సరే, చేతికే ఇస్తాను. ముందు తాడు లాగండి,” అన్నాడు పికరింగ్.

తాడు లాగితే గుడ్డ జారి స్మారక ఫలకం బయటపడుతుంది. టీ తాగడానికి వెళ్ళి ఆనాటి ఫ్యాక్టరీ పేలుడు తప్పించుకున్నది మేవిస్ ఒక్కతే. అందుకే ఆమెకు ఆ మర్యాద.

“ఎన్ని పేర్లు చెక్కించారు?” తాడు పట్టుకుని అడిగింది మేవిస్.

“పదకొండు.”

“పోయింది పన్నెండు మంది. నోరా పేరేది?”

పికరింగ్ గొంతు తగ్గించాడు. “మీకు తెలియనిదేముంది, మేవిస్ గారూ. నోరా బల్ల కింద మాడిన తలపిన్ను దొరికింది. దాని నిప్పురవ్వకే షెడ్డు లేచిపోయిందని విచారణలో తేల్చారు. ఆ పేరు పెడితే మిగతా కుటుంబాలు ఊరుకోవు.”

“మీ తాతలూ ఊరుకోలేదు. నోరా వాళ్ళమ్మకు కొట్లో రొట్టె అమ్మలేదు. కిటికీలు పగలగొట్టారు. కూతుర్ని పోగొట్టుకున్న మనిషిని ఊళ్ళోంచి తరిమేసి, ఇప్పుడు బ్యాండు పెట్టి మాకు సన్మానాలా? సిగ్గులేదూ?”

“నానమ్మా, నెమ్మది,” అంటూ మనవరాలు జిల్ ఆమె తల నిమిరింది. మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు. యుద్ధం తర్వాత మేవిస్ దాన్ని ఎన్నడూ పెరగనివ్వలేదు.

“నెమ్మదిగా ఉండే డెబ్బై ఐదేళ్ళు గడిపాను. నోరాదీ నాదీ ఒకే బల్ల. దాని సంగతి నాకు తెలియదా? గేటు దగ్గర అడగకముందే అన్నీ తీసిచ్చేది.”

పికరింగ్‌కు ఒళ్ళు మండింది. బ్యాండువాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఫొటోలవాడు గడియారం చూసుకుంటున్నాడు.

“మాటలు కాదండీ. ఆ పిన్ను నోరాది కాదనడానికి రుజువుందా?”

మేవిస్ తాడు వదిలేసి అతని చేతిలోని మైకు లాక్కుంది.

“ఆ పిన్ను నాది.”