ఒక్క గ్రాసియాస్

డాన్ ఎపిఫానియో చాలన్నాడట. పక్కింటి సెఫెరినా రేడియోలో స్వయంగా విందట. పెనం మీద రొట్టె మాడిపోతున్నా కదలకుండా విందట. పొద్దున ఆయనింటి గేటు దగ్గర విలేకరి “లిసాండ్రోకి ఇంకో అవకాశం ఇవ్వొచ్చంటారా?” అని అడిగితే పెద్దాయన ఒకే ఒక్క మాట అన్నాడట.

“గ్రాసియాస్ అన్నాడు దిగ్నా! మామూలప్పుడైతే అది థాంక్సే. తెరెరె తాగి కొమ్ము కప్పు తిరిగిచ్చేటప్పుడు అంటే? చాలు, ఇంక పోయొద్దు అని. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. మీ ఆయన ఆ అబ్బాయిని పారబోయమన్నట్టే!” అంది సెఫెరినా, దిగ్నా అప్పు కోసం తెచ్చిన డబ్బాలో, ఐసు నీళ్ళు పోసుకుని తాగే ఆ తెరెరె ఆకు నింపుతూ.

దిగ్నా మూత బిగించి గబగబా ఇంటికొచ్చింది.

ఎపిఫానియో ఒకప్పుడు దేశాధ్యక్షుడు. ఆయన తర్వాత ఆ కుర్చీ ఎక్కినవాడు లిసాండ్రో. జ్ఞానస్నానం నాడు వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లి దిగ్నా. వంతెన కాంట్రాక్టులో లంచం తిన్నాడని వాడి మీద అభిశంసన పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి సెనేట్లో ఓటింగ్. ముప్పై ఓట్లు పడితే కుర్చీ పోతుంది, ఆ వెనకే జైలు. ఇరవై ఏడు ఖాయమని అందరికీ తెలుసు. ఎటూ తేల్చని ఇంకో నలుగురు ఎపిఫానియో మనుషులు. ఆయన నోటి వైపే చూస్తున్నారు.

వసారాలో ఉయ్యాల మంచం మీంచి పెద్దాయన ఫోన్లో అరుస్తున్నాడు.

“నేనన్నది తెరెరెకిరా గాడిదా! నా పెళ్ళాం కొమ్ము అందిస్తే చాలని తిరిగిచ్చాను. ఆ మాట పట్టుకెళ్ళి లిసాండ్రో మెడకి చుడతారా? మాట తిప్పి బతికే వెధవల్లారా!”

ఫోన్ గోడకేసి కొట్టాడు. అది మూడు ముక్కలైంది.

దిగ్నా డబ్బా మూత తీసి కొమ్ములో ఆకు పోసింది. వెండి గొట్టం గుచ్చింది. ఐసు నీళ్ళు వంచి ఆయనకి అందించింది.

“వాడేం తక్కువ తిన్లేదులే,” అన్నాడు ఎపిఫానియో, గొట్టం పీల్చి. “నేను కట్టించిన వంతెన మీద నా పేరు పీకించి నది పేరు పెట్టాడు. ఊళ్ళో ఎవడడిగాడు వాణ్ణి? సరే, ఆ కోపం వేరు. ఎంతైనా మనింటి పిల్లాడు.”

“మనింటి పిల్లాడైతే వెళ్ళి చెప్పండి. మాజీ అధ్యక్షుడిగా సెనేట్లో మీకు ఓటు లేకపోయినా బతికున్నంత కాలం మాట్లాడే హక్కుంది కదా. గంటలో అసున్సియోన్లో సెనేట్ ముందుంటాం. కారు తీయిస్తాను.”

“నా మాట తిప్పినోళ్ళ ముందుకెళ్ళి సంజాయిషీ చెప్పుకోమంటావా? ఈ వాచిన కాలేసుకుని? చచ్చినా వెళ్ళను.”

“పోనీ ఆ నలుగురికీ ఫోన్ చేయండి.”

“పగలగొట్టాను కదే, కనపట్లా?”

“నాది పనిచేస్తోంది.”

“నీ ఫోన్లో అంకెలు కనపడి చావవు!”

అంతలో దిగ్నా ఫోనే మోగింది. లిసాండ్రో.

“అమ్మా, పెద్దాయన నిజంగా నా గురించే అన్నారా?”

ఎపిఫానియో కొమ్ము పైకెత్తి చూపించాడు. దీని గురించని చెప్పు, అని చేత్తో సైగ చేశాడు.

“ఏమన్నా తిన్నావా నాయనా?” అంది దిగ్నా.

“తిండి తర్వాతమ్మా. ఆ నలుగురికీ ఒక్క మాట చెప్పించు. వాళ్ళు అటు తిరిగితే రేపటికి నన్ను లోపలేస్తారు.”

దిగ్నా ఫోన్ మొగుడి ముందుకు చాపింది. ఆయన ఉయ్యాల మంచంలో గోడవైపు తిరిగాడు.

“ఎండ కళ్ళలో పొడుస్తోంది,” అన్నాడు.

ఆమె చెయ్యి అలాగే చాపి ఉంది. అవతల లిసాండ్రో రెండుసార్లు “అమ్మా?” అన్నాడు. తర్వాత లైను తెగిపోయింది.

మూడుంబావుకి రేడియో చెప్పింది. ముప్పై ఒకటి. నలుగురూ అటే.

ఊరు ఊరంతా వసారా ముందుకొచ్చింది. వాళ్ళని తోసుకుంటూ విలేకర్లు. ఎపిఫానియో లేచి నిలబడ్డాడు. కాలి నొప్పి గుర్తే లేదు.

“హంతకుల్లారా!” అని గర్జించాడు. “తాగే నీళ్ళకి చెప్పిన మాటతో బంగారం లాంటి పిల్లాణ్ణి పొట్టన పెట్టుకున్నారు కదరా! మీ మైకులు మండ! మీ రేడియోల మీద పిడుగు పడ!”

సెఫెరినా ముక్కు చీదుకుంది. వెనక నుంచి ఎవరో “నిజమే, పాపం” అన్నారు. గుంపు విలేకర్ల మీదకి జరిగింది. ఒకడి టోపీ ఎగిరి కింద పడింది.

“మరి పొద్దున్నించీ రేడియోకొచ్చి చెప్పలేదేం?” అనడిగాడు టోపీ పోయినవాడు.

“చెబితే నమ్ముతావా నువ్వు? అందుకే సాక్షిని చూపిస్తున్నా, చూడు!” ఎపిఫానియో భార్య జబ్బ పట్టుకుని మెట్ల మీదకి లాగాడు. “నలభై తొమ్మిదేళ్ళుగా నాకు తెరెరె పోస్తున్న చెయ్యి ఇది. చెప్పవే దిగ్నా! పొద్దున ఆ కొమ్ము నాకు అందించింది నువ్వా, కాదా?”

మైకులన్నీ ఆమె వైపు తిరిగాయి. దిగ్నా ముందు తన జబ్బ విడిపించుకుంది.

“పొద్దున మనింట్లో చిటికెడు ఆకు కూడా లేదు.”