పదహారో రోజు చదవాల్సిన మాటలు

తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. పావుగంట నుంచి అదే తంతు. రఘునాథన్ వేలితో ఒకసారి పొడిచాడు, రెండోసారి పొడిచాడు, మూడోసారి టాబ్లెట్‌నే పట్టుకుని ఊపాడు. చక్రం ఆగింది. 'నోట్స్ ఏమీ లేవు, కొత్తది మొదలుపెట్టండి' అని వచ్చింది.

"ఏంది జయంతీ ఇది? మా అమ్మ మాటలన్నీ యాడ పోయినాయి?"

జయంతి చేతిలో పళ్లెం కింద పెట్టేసింది.

తెల్లవారితే రఘునాథన్ తల్లి మీనాంబాళ్ పదహారో రోజు కర్మ. వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్లు ఆఖరి రోజుల్లో అన్న మాటలు ఎవరో ఒకరు రాసిపెడతారు. పదహారో రోజున పెద్దకొడుకు బంధువుల ముందు నిలబడి చదవాలి. అంతదాకా వాటిని ఎవరూ చూడకూడదు, కొడుకు అసలే చూడకూడదు. ఇవాళ ఆయన టాబ్లెట్ తెరిచింది కూడా చదవడానికి కాదు, రేపు తెరుచుకుంటుందో లేదో చూసుకోవడానికి. తండ్రి పోయినప్పుడు రాసిన నోటుపుస్తకం వానకు తడిసింది. సగం పేజీలు అతుక్కుపోయి, నలుగురిలో రఘునాథన్ నీళ్లు నమిలాడు. ఆ తలవంపు ఆయన మరిచిపోలేదు. అందుకే ఈసారి కూతురు కవిప్రియ వాడే టాబ్లెట్‌ను తెచ్చి భార్య జయంతి చేతిలో పెట్టాడు. ఇది తడవదు, చిరగదు, పోదు అన్నాడు. పోదట.

మీనాంబాళ్ ఉన్నది కదిర్కామం ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో. మగవాళ్లను రానిచ్చేది సాయంత్రం ఒక్క గంట. కరెంటు ఆఫీసులో పని ముగించుకుని ఆయన వచ్చేసరికి ఆమె మందు మత్తులో కళ్లు మూసుకుని ఉండేది. నలభై ఒక్క రోజులూ పక్కన కూర్చున్నది జయంతే. అత్త నోరు విప్పితే చాలు, ఈమె టాబ్లెట్ పెన్ను అందుకునేది.

టాబ్లెట్‌లో చేత్తో రాసే ఆ యాప్‌తో పడ్డ పాట్లు దేవుడికే ఎరుక. అత్త మాట్లాడేది ఇంటి తెలుగు. తమిళ బడిలో చదివిన జయంతికి వచ్చినవి తమిళ అక్షరాలే. తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాస్తే చాలు, ఆ యాప్ పెద్ద పంతులయ్యలాగా దాన్ని ఏదో తమిళ మాటగా దిద్దేసేది. అరచెయ్యి ఆనితే అడ్డగీత పడేది. రాస్తున్న పేజీ ఉన్నట్టుండి ఎగిరి మొదటి పేజీకి పోయేది. అప్‌డేట్ చేసుకో, అప్‌డేట్ చేసుకో అని ఒకటే నస. జయంతి విసుక్కుంటూనే, దిద్దింది మళ్లీ దిద్దుతూనే, ఒక్క మాట పోనివ్వకుండా రాసింది. ప్రతి సాయంత్రం వరండాలో రఘునాథన్ అడిగేవాడు, ఇవాళ రాసినావా అని. రాసినాను అనేది. ఏం చెప్పిందని మాత్రం అడిగేవాడు కాదు. పద్ధతి పద్ధతే.

ఇప్పుడు ఆయన తిట్టిన తిట్లకు ఆ యాప్ చేసినవాడు ఎక్కడున్నా పొలమారి ఉంటాడు.

"నిన్న మధ్యాన్నం అప్‌డేట్ అడిగినాది. అది నడస్తా ఉండగానే చార్జు అయిపోయినాది" అంది జయంతి మెల్లగా.

"నువ్వేం చేస్తావులే" అన్నాడు ఆయన.

ఇద్దరూ బండెక్కి రెడ్డియార్‌పాళయం వెళ్లారు. అక్కడ సుధాకరన్ అని టాబ్లెట్లు బాగుచేసే అతను ఉన్నాడు. పోయినవాటిని లాగి బయటికి తీయడంలో చెయ్యి తిరిగినవాడని పేరు. అతను టాబ్లెట్‌కు వైరు తగిలించి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. జయంతి స్టూలు మీద కూర్చుని పమిట కొంగు మెలిపెడుతూ కనపడ్డ దేవుడికల్లా మొక్కుకుంది. తెర మీద వరసలు కదిలినప్పుడల్లా ఆమె మెడ చాచి చూసింది.

ఒకటి దొరికిందన్నాడు సుధాకరన్. జయంతి దిగ్గున లేచి నిలబడింది. తీరా చూస్తే అది కవిప్రియ కాలేజీ పాఠం. జయంతి మళ్లీ కూలబడింది.

రఘునాథన్ ఎవరినీ బతిమాలే మనిషి కాదు. అలాంటివాడు ఆ కొట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నీ వద్దు, ఒక్క పేజీ దొరికినా చాలు, మా అమ్మ నన్ను గురించి ఏదన్నా ఒక మాట అని ఉంటుంది, అది చాలు అన్నాడు. సుధాకరన్ పాపం ఇంకో అరగంట తంటాలు పడ్డాడు. చివరికి వైరు పీకేశాడు. పూర్తిగా పోయాయి, ఎక్కడికి తీసుకెళ్లినా ఇక ఎవరూ తేలేరు అని తేల్చేశాడు.

జయంతి కళ్లనుంచి నీళ్లు జలజలా రాలాయి. సుధాకరన్ కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

తిరిగి వచ్చే దారిలో రఘునాథన్ బండి పక్కకు ఆపాడు. దిగలేదు, వెనక్కి తిరగలేదు.

"రాసింది నువ్వే కదా. గుర్తుండేది చెప్పు. నన్ను గురించి ఏమన్నా అనిందా?"

జయంతి ఆయన వీపు వైపు చూస్తూ చెప్పింది.

"మీ పేరు తప్ప వేరే మాట ఏముండాది అత్తకు? పొద్దున లేస్తానే రఘు తిన్నాడా అనేది. వానలో స్తంభాలెక్కతాడు, జాగ్రత్తగా ఉండమను అనేది. పెద్దోడు నిలబడినాడు కాబట్టే ఈ ఇల్లు నిలబడినాది అనింది, ఒకసారి కాదు."

రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు బంధువుల ముందు రఘునాథన్ చేతిలో కాగితం లేదు, టాబ్లెట్ లేదు. జయంతి చెప్పిన మాటలే, ఒక్కటి తప్పకుండా చెప్పాడు. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. తల్లి అంటే ఆమె, కొడుకు అంటే వీడు అనుకున్నారు. జయంతి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింది.

మొన్న మధ్యాహ్నం తలుపు గడియ పెట్టుకుని ఆమె ఒక్కొక్క పేజీగా తన చేత్తోనే చెరిపేసిన ఆ నలభై ఒక్క రోజుల మాటల్లో, చిన్నకొడుకు నుంచి పాలు పోసే మనిషి దాకా అందరి పేర్లూ ఉన్నాయి గానీ, రఘునాథన్ పేరు ఒక్కచోట కూడా లేదు.