సీట్లో లేనివారి అడ్రస్

"మీ అడ్రస్ కూడా సర్వర్‌కి తగిలిస్తానండీ. కానీ మీ కంప్యూటర్ ఆపేసి వెళ్లాలి. ఒకే అడ్రస్ రెండు మిషన్లకుంటే రెండూ కొట్టుకుంటాయి," అన్నాడు సర్వర్ చూసే అఫ్రాజ్.

"తోడికోడళ్లలాగా," అన్నాడు అకౌంటెంట్ రామకోటేశ్వరరావు. నవ్వలేదు.

అది ఎరువుల కంపెనీ. యజమాని వెంకటసుబ్బారావు గారు గన్నవరం గోడౌన్‌లో కూర్చుంటారు. విజయవాడ ఆఫీసులో ఒక్కో ఉద్యోగి కంప్యూటర్‌కి ఒక్కో నంబరు, అదే దాని అడ్రస్. ఆ అడ్రస్ పలికితే గన్నవరంలో ఆయన స్క్రీను మీద ఆ ఉద్యోగి పేరు పక్కన పచ్చ లైటు. పలక్కపోతే ఎర్ర లైటు. ఎర్ర లైటు పడబట్టే గుమాస్తా బాలశౌరి ఉద్యోగం ఊడిందని ఆఫీసంతా నమ్మింది. అడిగి తెలుసుకునే ధైర్యం ఎవరికీ లేకపోవడంతో ఆ నమ్మకం బలపడింది.

దీనికి విరుగుడు ఆఫీసులో ఎప్పుడూ నడుస్తుండే పెద్ద కంప్యూటర్, అదే సర్వర్. ఎన్ని అదనపు అడ్రస్‌లు తగిలించినా అందరి తరఫునా అదే పలుకుతుంది. మ్యాట్నీకి పోయినవాళ్లు, గ్యాస్ బండ కోసం క్యూ కట్టినవాళ్లు, పిల్లల స్కూల్లో తిట్లు తినడానికి వెళ్లినవాళ్లు, అందరూ పచ్చగా వెలుగుతుండేవారు. ఆఫీసులో కష్టపడేది సర్వర్ ఒక్కటే.

రామకోటేశ్వరరావుది మ్యాట్నీ కాదు. భార్య సుబ్బరత్నం ఆసుపత్రిలో ఉంది. ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టర్లు. సెలవులు అయిపోయాయి. ఉద్యోగం పోతే మందులూ ఆగిపోతాయి.

"పర్మనెంటుగా పెట్టెయ్యరాదూ బాబూ?"

"సర్వర్ ఫైల్లో రాస్తే పర్మనెంటేనండీ. ఎవరన్నా చూస్తే నా ఉద్యోగం పోద్ది. ఇలా పైపైన తగిలిస్తే సర్వర్ ఆగి లేచిందంటే అన్నీ మర్చిపోద్ది. కరెంటు పోతే ఓ ఫోన్ కొట్టండి, మళ్లీ తగిలిస్తా."

ఆ మధ్యాహ్నం సుబ్బరత్నం కళ్లు తెరిచింది.

"ఇవాళ ఆఫీసు లేదా?"

"ఉంది. అక్కడే ఉన్నాను."

"అక్కడా ఇలాగే ఉత్తినే కూర్చుంటారా?"

చాలా రోజులకు నవ్వింది. అంతలో ఫ్యాను ఆగింది.

"ఊరంతా పోయిందట," అంది నర్సు.

సర్వర్ తన అడ్రస్ మర్చిపోయి ఉంటుందనుకున్నాడు రామకోటేశ్వరరావు. కరెంటు రాగానే సీట్లో ఉన్నవాళ్లందరి లైట్లూ వెలుగుతాయి, తనది తప్ప. వరండాలో ఉన్న కాయిన్ బాక్స్ ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు. అఫ్రాజ్ నంబరు ఎంగేజ్. మ్యాట్నీల నుంచి, గ్యాస్ క్యూల నుంచి అందరూ ఆ నంబరుకే కొడుతున్నారు మరి.

"రత్నం, ఇప్పుడే వచ్చేస్తా."

ఆమె చెయ్యి పట్టుకుంది. "కాసేపు కూర్చోండి. ఎందుకో భయంగా ఉంది."

"ఆఫీసులో ఓ మాట చెప్పి వచ్చేస్తానే. ఈ ఉద్యోగం నీ కోసమే కదా?"

చెయ్యి విడిపించుకుని ఆటో ఎక్కాడు. ఆఫీసుకి చేరేసరికి కరెంటు వచ్చింది.

"అందరికంటే ముందు మీదే తగిలించానండీ," అన్నాడు అఫ్రాజ్. "ఎందుకొచ్చారు?"

అదే ఆటోలో వెనక్కి వెళ్లాడు. వార్డులో ఫ్యాను తిరుగుతోంది. సుబ్బరత్నం ముఖం మీదికి దుప్పటి లాగేసి ఉంది.

పలకరించడానికి యజమాని స్వయంగా భవానీపురంలో రామకోటేశ్వరరావు ఇంటికి వచ్చారు.

"ఆ రోజు కూడా ఆఫీసుకి వెళ్లావటగా. ఎందుకయ్యా?"

రామకోటేశ్వరరావుకి దాచే ఓపిక లేదు. లైటు సంగతంతా చెప్పేశాడు. "ఎర్ర లైటు పడితే తీసేస్తారని భయపడ్డానండీ. బాలశౌరిని తీసేశారు కదా."

"వాణ్ని నేనెక్కడ తీసేశాను? బావమరిదితో కలిసి కొట్టు పెట్టుకుంటానని వాడే మానేశాడు."

"మరి... మీ స్క్రీను మీద లైటు?"

వెంకటసుబ్బారావు గారు తల దించుకున్నారు.

"నాకు కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదయ్యా."