గీతకు ఇవతల

దొంగతనమైతే కాదు. గీతకు ఇవతలే కదా వల వేసేది. ఇవతలి చేప ఎవడి సొత్తూ కాదు. మరి గడ్డం గీసుకుంటూ అద్దంలో తన కళ్ళలోకి తనే చూడలేకపోవడం దేనికి?

పెద్దోడు కత్తి కడిగి పక్కన పెట్టేశాడు. సగం గడ్డం అలాగే ఉండిపోయింది.

పోయినేడు రేవు ఆఫీసులో పంచాయితీ జరిగింది. సముద్రంలో వల పంజరాలు దించి చేపలు పెంచేవాళ్ళు ఒక పక్క, పడవల మీద వేటకు వెళ్ళేవాళ్ళు ఒక పక్క. పెంచేవాళ్ళలో పెద్దోడి సొంత తమ్ముడు. తాడుకు డ్రమ్ములు కట్టి, అదే గీతగా నీళ్ళు పంచారు. అవతల పెంపకం, ఇవతల వేట. అంతటితో ఊరుకోవచ్చు. పెద్దోడు ఊరుకోలేదు. అందరిముందూ లేచాడు.

"సముద్రాన్ని కోళ్ళగూడు చేశావు కదరా. నీ ఎంగిలి నీళ్ళ పక్కన నా వల పడిన రోజున నేను నీ అన్ననే కాదు."

తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఆ తర్వాత వేట ఎండిపోయింది. ఖాళీ వలలు ఆరేసుకోవడమే పనైంది. పడవ అమ్మేద్దామన్న మాట ఇంట్లో నలిగింది. అప్పుడే ఒకనాడు, మంచులో దారి తప్పి గీత పక్కకు చేరాడు. ఊరికే వల దించాడు. నిండింది. పంజరాల్లోంచి జారే మేతకు బయటి చేపలు మూగుతున్నాయని అర్థమైంది. అప్పటినుంచీ రోజూ దూరంగా కాచుకుని, తమ్ముడు మేత వేసి వెళ్ళిపోయాక వస్తున్నాడు. పెద్దోడి చేతివాసి ఎక్కడికీ పోలేదంటూ రేవంతా మెచ్చుకుంటోంది. ఆ మెప్పు గొంతులో ముల్లులా అడ్డంపడుతోంది.

నిన్న రేవులో చేపల వేలంపాట దగ్గర తమ్ముడి పెళ్ళాం ఎదురైంది. తట్ట సర్దుకుంటూ, అతని మొహం చూడకుండానే అంది.

"మేత రెట్టింపు పోతోంది బావగారూ. లోపలి చేపలు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ఎవరు తింటున్నారో మరి."

తెలిసిపోయింది. ఆమెకు తెలిస్తే వాడికీ తెలిసినట్టే. అన్నం దగ్గర కూర్చుని మొగుడూ పెళ్ళాం తన గురించే నవ్వుకుంటూ ఉంటారు. నవ్వనీ. ఎంగిలి అన్న నోరు తనదే కదా.

ఈ ఉదయం అతను కాచుకోలేదు. సగం గడ్డంతోనే, తమ్ముడు ఉండే వేళకే పడవ తీశాడు. ఇక ఇటు రాను, పడవ అమ్మేస్తున్నాను. అంతే, చెప్పాల్సింది రెండు మాటలు. దారంతా వాటినే నమిలాడు. గీత దగ్గర ఇంజను ఆపాడు. మంచులో తమ్ముడి పడవ మసకగా ఊగుతోంది.

"చిన్నోడా," అని పిలిచాడు.

అప్పటిదాకా పంజరానికి వీపు పెట్టి, గీతకు ఇవతల అన్న వల వేసే నీళ్ళలోకే దోసిళ్ళతో మేత చల్లుతున్న తమ్ముడు, ఉలిక్కిపడి చేతులు వెనక్కి దాచుకున్నాడు.